శనివారం మూడింటికి బర్బన్

నాకు నోరు మంచిది కాదు, ముక్కు మంచిది. మొదటి మాట అందరూ అనేవారు. రెండోది నేనే అనుకునేవాణ్ణి. లాక్‌డౌన్ వచ్చేనాటికి లీక్స్‌లిప్ ఊళ్లోని నా అద్దె ఫ్లాట్‌లో వంటింటి ప్రెస్ తెరిస్తే గిన్నెలకన్నా సీసాలే ఎక్కువ కనిపించేవి. అల్మరాని ఇక్కడ ప్రెస్ అంటారు. పదేళ్లు ఉన్నాక నాకూ అదే నోటికి వస్తోంది. ఆ సీసాలన్నీ అమెరికా బర్బన్ విస్కీలు. ఐర్లండ్‌లో ఉంటూ అమెరికా విస్కీ ఏమిటని తోటి ఐరిష్ ఉద్యోగులు ఏడిపించేవారు. మీ విస్కీ మరీ మర్యాదస్తురాలు, నాకు కాస్త కొట్లాడేది కావాలి అనేవాణ్ణి.

బర్బన్ మొక్కజొన్న విస్కీ. లోపలంతా కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఊరుతుంది. నేను కూడబెట్టినవి డెబ్బైలలో, ఎనభైలలో సీసాలకెక్కిన పాత సరుకు, అందులోనూ ఘాటైనవి. అమెరికా లెక్కలో నూరు ప్రూఫ్ అంటే సగం ఆల్కహాల్. నా సీసాలు నూటేడు, నూటపద్నాలుగు ఉండేవి. పీపాలోంచి చుక్క నీళ్లు కలపకుండా దింపినవైతే నూటపాతిక దాటేవి. నాలుకకి అంటగానే చెవులు వేడెక్కేవి. నన్ను తాగుబోతు అనుకోవద్దు. ఒక మధ్యాహ్నం మొత్తానికి నేను పుచ్చుకునేది మూడు చెంచాలు. మూడు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని, పది నిమిషాలు గాలి తగలనిచ్చి, మందుచుక్కల డ్రాపర్‌తో ఒక్కో చుక్కా నీళ్లు వేస్తూ, ఏది ఎలా విచ్చుకుంటుందో పోల్చి చూసుకోవటం నా సరదా. పాత సీసాల కార్కు పొడిపొడిగా రాలిపోయేది. అప్పుడు టీ వడపోసే జల్లెడలోంచి వంపుకునేవాణ్ణి. నోట్‌బుక్కులో నూటికి మార్కులు వేసేవాణ్ణి. విస్కీలో కోలా కలిపేవాళ్లతో నేను స్నేహం చేసేవాణ్ణి కాదు. చాలామందితో స్నేహం లేకపోవటానికి ఇంకా చాలా కారణాలు ఉండేవి గానీ, పైకి ఇదొక్కటే చెప్పుకునేవాణ్ణి.

విడాకులై అప్పటికి మూడేళ్లు. పిల్లల్లేరు. చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో నా పని కొలతలు చూడటం. తలవెంట్రుకలో వెయ్యోవంతు మందాన్ని కొలిచే యంత్రాలవి. యంత్రం చెప్పింది నమ్మేముందు యంత్రాన్నే పరీక్షించాలి. అందుకని రోజూ పొద్దున, కొలత మాకు ముందే తెలిసిన పలక ఒకటి దాని లోపలికి పంపుతాం. సరైన సంఖ్య చెప్పిందా, ఆ రోజుకి దాని మాట నమ్ముతాం. చెప్పలేదా, ఆపేస్తాం. పదేళ్లు ఇదే పని చేస్తే మనుషుల్ని చూసే చూపు కూడా అలాగే తయారవుతుందని నాకు అప్పుడు తెలియదు.

లాక్‌డౌన్‌లోనూ ఫ్యాక్టరీ నడిచింది. అక్కడ మేము కరోనా రాకముందు నుంచే తల నుంచి కాలిదాకా తెల్ల తొడుగుల్లో ఉండేవాళ్లం, కళ్లు తప్ప ఏమీ కనపడేవి కావు. కొత్తగా వచ్చిన తేడా ఏమిటంటే క్యాంటీన్‌లో బల్లకి ఒక్క కుర్చీ మిగిల్చారు. శుక్రవారం డ్యూటీ దిగితే మళ్లీ సోమవారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. సూపర్‌మార్కెట్‌లో మనం స్కాన్ చేసుకునే మెషీన్ 'థాంక్యూ' అంటే 'నో బాదర్ అట్ ఆల్', దానిదేముందిలే అని ఇక్కడివాళ్ల పద్ధతిలో బదులిచ్చాను ఒకసారి. వెనక నిలబడ్డ ఆవిడ రెండు మీటర్ల దూరంలో ఉన్నది కాస్తా మూడుకి జరిగింది. ఇంటికొచ్చి చాలాసేపు నవ్వాను. తర్వాత భయం వేసింది.

ఆ రోజుల్లో నాకు మిగిలిన మనిషి కిల్కెన్నీలో ఉండే ఒక అంకుల్. ఒంగోలు వైపువారు. ఆంటీ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఇరవై ఏళ్ల కింద ఆమె ఉద్యోగం మీద వస్తే వెంట వచ్చి, ఒక హోటల్లో బారు సరుకు చూసే పనిలో చేరారు. కరోనా వచ్చి హోటల్ మూతపడటంతో అరవై రెండేళ్ల వయసులో ఇంట్లో కూర్చున్నారు. అంతకు రెండేళ్ల ముందు ఎవరిదో పుట్టినరోజు విందులో పరిచయమయ్యారు. కార్‌పార్క్‌లో నా దగ్గరున్న చిన్న సీసా మూత తీసి వాసన చూసి, "ఇది మీ వయసుదేనబ్బాయ్, నలభై ఉంటది," అన్నారు. అది నిజంగానే డెబ్బైలలో నింపిన సీసా. నన్ను 'మీరు' అన్నది ఆ ఒక్కసారే. తర్వాత నువ్వులోకి వచ్చేశారు. ఆదివారం చర్చికి తప్పకుండా వెళ్లే మనిషి. మందు విషయం ప్రభువుకీ తనకీ మధ్య మాట అయిపోయిందని, ఆంటీతోనే ఇంకా తేలలేదని చెప్పేవారు. ఆంటీ వారానికి ఒక గంట, మూడు చెంచాలు అని తీర్పు ఇచ్చారు.

ఇంటినుంచి అయిదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని రూలు వచ్చింది. కిల్కెన్నీ వంద కిలోమీటర్లు. అందుకని నేను సోమవారం మూడు చిన్న సీసాల్లో మూడు బర్బన్‌లు పోసి, ఒకటి, రెండు, మూడు అని మాత్రం అంటించి, బబుల్ రేపర్ చుట్టి పోస్టులో పంపేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం వీడియోలోకి వచ్చేవాళ్లం. ఏది ఏ కాలానిదో, ఏది ఎంత ఘాటో ఆయన చెప్పాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చునేవారు. నేను మాత్రం పొద్దున లేచిన బట్టల్లోనే ఉండేవాణ్ణి.

మేము ఎప్పుడూ ఒక మాట మీదకి వచ్చేవాళ్లం కాదు. నేను కారమెల్ అనీ, వనిల్లా అనీ, ఓక్ అనీ పుస్తకం చదివినట్టు చెప్పేవాణ్ణి. ఆయన ఒక సీసాని పెళ్లింట్లో మూడో రోజు మిగిలిన బూరె అన్నారు. ఇంకోదాన్ని వానాకాలం చెప్పుల షాపు అన్నారు. నేను తొంభై మూడు మార్కులు వేసి దాచుకున్న నూటపద్నాలుగు ప్రూఫ్ సీసాకి అరవై వేసి, "అరుపే గానీ లోపల సరుకు లేదబ్బాయ్, నీలాగే," అని పకపకా నవ్వారు. ఆ వారమంతా నాకు ఒళ్లు మండింది. బుధవారానికల్లా ఆయన అన్నది నిజమేనని తెలిసింది. ఒప్పుకోలేదు. వచ్చే శనివారం ఏం చెప్పి దెబ్బ తీయాలా అని ఫ్యాక్టరీలో ఆ తెల్ల తొడుగు లోపల ఆలోచించుకుంటూ తిరిగేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను, నా జీవితంలో అంత ఆసక్తిగా ఎవరికోసమూ ఎదురుచూడలేదు.

జనవరిలో దేశమంతా కేసులు పెరిగినప్పుడు ఆంటీకి కరోనా వచ్చింది, ఆమె నుంచి ఆయనకీ వచ్చింది. రెండు శనివారాలు రాలేదు. మూడో శనివారం వచ్చారు. "గ్రాండ్‌గా ఉన్నాం, రొంప లాగా వచ్చిపోయింది," అన్నారు. గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే అని. మొహం పీక్కుపోయి ఉంది. చొక్కా మాత్రం ఇస్త్రీదే.

ఆ రోజు నుంచి ఆయన నాతో వాదించటం మానేశారు. నేను ముందు చెప్పేదాకా ఆగి, "నువ్వన్నట్టేనబ్బాయ్, నాకూ అట్టాగే తగిలింది," అనేవారు. మొదట్లో పొంగిపోయాను. నా ముక్కు గెలిచిందనుకున్నాను. నాలుగైదు వారాలయ్యాక చప్పబడింది. మార్చిలో ఒక శనివారం, ముందు మీరే చెప్పండని పట్టుబట్టాను. ఆయన కాస్త తటపటాయించి బెల్లం పాకం, ఎండు ఖర్జూరం, చివర కాస్త చేదు అని చెప్పారు. ఎక్కడో విన్నట్టు అనిపించి నోట్‌బుక్కు తిరగేశాను. అక్టోబర్‌లో వేరే సీసా గురించి ఆయనే అన్న మాటలు, అక్షరం తేడా లేదు.

ఎవరైనా ఆ చోట, ఈ మనిషికి ఏమైంది అని అడుగుతారు. నేను అడగలేదు. నన్ను చిన్నపిల్లవాణ్ణి చేసి ఆడిస్తున్నాడు, విసుగెత్తి అవునవునని తలూపుతున్నాడు అనుకున్నాను. నాకున్న ఒకే ఒక్క గంట కూడా ఉత్త మొహమాటమేనా? నన్ను ఎవరైనా భరిస్తున్నారంటే తట్టుకోలేను. పెళ్లి పోయింది కూడా దాదాపు ఈ గుణం వల్లే.

నాకు చేతనైన పని చేశాను. యంత్రంలోకి తెలిసిన పలక పంపాను. పక్కన ఆఫ్-లైసెన్స్ అనే మందు షాపులో ఎప్పుడూ దొరికే నూరు ప్రూఫ్ మామూలు బర్బన్ ఒకటి తెచ్చి, అదే మూడు సీసాల్లోనూ పోశాను. ఒకటి, రెండు, మూడు అని అంటించాను. పోస్టు డబ్బాలో వేస్తుంటే చేతికి కాస్త హుషారుగా కూడా ఉంది, ఆ సంగతి దాచను.

శనివారం ఆయన ఒక్కో గ్లాసూ ఎత్తి, కళ్లు మూసుకుని, తీరిగ్గా వాసన చూశారు. తాగారు. ఆలోచించారు.

"ఒకటోది కొత్త సరుకేనబ్బాయ్, కుర్రతనం పోలా. రెండోది కొంచెం పెద్దమనిషి. ఎనభైల నాటిది అయ్యుండొచ్చు."

"మూడోది?"

"అబ్బో, మూడోది నీ డెబ్బైల బాపతే. ఎంత గుండ్రంగా ఉందో. దీనికి తొంభై ఎయ్యొచ్చు."

"మూడూ ఒక్కటే అంకుల్," అన్నాను. "మా ఇంటి పక్క షాపుల మొన్ననే తెచ్చిన. మూడు సీసాలల్ల అదే పోసిన."

ఆయన గ్లాసుల వంక చూశారు. నా నోరు అక్కడితో ఆగలేదు.

"ఇన్ని దినాల సంది నన్ను ఎర్రోణ్ణి చేస్తున్నరు కదా. ఇష్టం లేకుంటే లేదని చెప్పున్రి. జాలిపడి కూసునుడు ఎందుకు? నాకు ఎవ్వరి జాలి అక్కర్లేదు."

ఆయన వెనక వంటింట్లో ఆంటీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంకుల్ కొద్దిగా నవ్వారు. "సర్లే అబ్బాయ్, దొరికిపోయా," అన్నారు. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని లేచారు. తెర నల్లబడింది. నేను గెలిచాను.

సోమవారం సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు. ఆమె నాకు విడిగా ఫోన్ చేయటం అదే మొదటిసారి. డ్యూటీ దిగి ఆసుపత్రి కార్‌పార్క్‌లో కారులో కూర్చుని మాట్లాడుతున్నారు. గొంతు పెంచలేదు. రోగి ఇంటివాళ్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

"ఆయనకి జనవరి నుంచి వాసన తెలవదు నాయనా. రుచి కూడా ఉప్పు, తీపి, కారం అంతే. మొన్న పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగైతే పక్కనే కూర్చోనుండాడు. జీపీ డాక్టరు దగ్గరకి తీసకపోయా. వస్తే వస్తది, ఎప్పుడొస్తదో చెప్పలేం అన్నాడు."

"నాకెందుకు చెప్పలే ఆంటీ?" అన్నాను.

"నేను చెప్పమన్నా. ఆ అబ్బాయి వారమంతా ఎవరితోటీ మాట్లాడడంట, ఈ గంట కూడా పోతే ఎట్టా అన్నాడు. శుక్రవారం వచ్చిందంటే మీ పాత శనివారాల మాటలు తను రాసుకున్న పుస్తకం ముందేసుకుని, పరీక్షకి పోయే పిల్లోడి మాదిరి బట్టీ పట్టేవాడు. నాకు నవ్వొచ్చేది. మొన్న శనివారం మాత్రం నవ్వు రాలేదు నాయనా."

ఫోన్ పెట్టేశాక ప్రెస్ తలుపు తెరిచి ఆ సీసాల ముందు నిలబడ్డాను. సిగ్గు వేసింది. మనిషి వాసన పోగొట్టుకుని నా ఎదురుగా కూర్చుంటే కనిపెట్టలేనివాణ్ణి, అరచెంచా విస్కీలో ఎనభైలకీ డెబ్బైలకీ తేడా చెబుతానని విర్రవీగాను.

అంకుల్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను, చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. మంగళ, బుధ, గురువారాలు అలాగే పోయాయి. ఆ వారం పోస్టులో ఏమీ పంపలేదు. ఏం పంపినా ఎగతాళిగానే ఉండేది. కారేసుకుని కిల్కెన్నీ వెళ్లి కాళ్ల మీద పడాలనిపించింది. దారిలో గార్డులు, ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికి అంటే ఏమని చెప్పాలి? ఈ శనివారం ఆయన రాకపోతే నాకు ఇక ఏ శనివారమూ లేదు. నలభై రెండేళ్లవాణ్ణి, మూడింటికి ఒక మనిషి తెర మీద కనపడతాడా లేదా అని వారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

శనివారం స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాను. మూడయింది. మూడూ ఆరయింది. మూడూ పదకొండుకి తెర వెలిగింది. అంకుల్ ఎదుట గ్లాసులు లేవు. చేతిలో టీ కప్పు ఉంది.

"ఏందబ్బాయ్, పెళ్లికొడుకులాగా తయారైనావ్?" అన్నారు.

"తప్పయింది అంకుల్," అన్నాను.

"నాది మాత్రం తప్పు కాదా? అబద్ధం చెప్పా. మొదట్లో నీకోసమే అనుకున్నా. పోనుపోను చూసుకుంటే నాకూ ఇదొక్కటే ఉంది. హోటల్ లేదు, చర్చి లేదు, మీ ఆంటీ పన్నెండు గంటల డ్యూటీ. వాసన పోయిందని చెప్తే నువ్వు పంపటం మానేస్తావని భయమేసింది. మెసేజి చూసి కూడా ఏం రాయాలో తెలవక ఊరుకున్నా." కప్పు పక్కన పెట్టారు. "నాకు కాఫీ పొడి వాసన ఎట్టా ఉంటదో మర్చిపోతన్నానబ్బాయ్. అది దిగులు."

ఆయన దిగులు అనే మాట వాడటం నేనెప్పుడూ వినలేదు. ఏం చేయమంటారు అని అడిగాను.

"నేనిక తాగను, అదంతా నిప్పులు మింగినట్టుంది, అంతే. నువ్వు పోసుకో. నా జబ్బుకి ముందు ఇద్దరం కలిసి చూసినవాట్లో ఏదన్నా తియ్. అదైతే నాకు గుర్తుంటది. ఎట్టా ఉందో చెప్పు."

డెబ్బై ఆరులో నింపిన నూటేడు ప్రూఫ్ సీసాలో రెండు చెంచాలు మిగిలి ఉన్నాయి. ఒకటి పోసి వాసన చూశాను. కారమెల్, వనిల్లా, ఓక్ అని మొదలుపెట్టాను.

"ఆ చదువు ఆపు. పైపైన చూస్తన్నావు. రెండు చుక్కలు నీళ్లెయ్. వేశావా? ఆగు. గ్లాసు అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టు. ఇప్పుడు తీపి కింద చూడు. మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. బ్యారన్ కొట్టంలో పచ్చాకు వేలాడదీసి కింద మంట పెడతారు. రెండో రోజు పచ్చ తిరిగి పసుపుకి వస్తన్నప్పుడు తలుపు కాస్త తీస్తే ఒక వాసన వస్తది చూడు. పొగ కాదు. తడిగా, తియ్యగా, ఎండుగడ్డి మీద తేనె ఒలికినట్టు ఉంటది. ఆ సీసాలో అది ఉంది. అప్పుడు నీకు చెప్పలా, నువ్వు మార్కులేసుకునే హడావుడిలో ఉన్నావు."

నేను పొగాకు బ్యారన్ ఎప్పుడూ చూడలేదు. మా వరంగల్ వైపు మాకు తెలిసింది పత్తి, మిర్చి. గ్లాసు ముక్కుకి ఆనించి కళ్లు మూసుకున్నాను. ఆల్కహాల్ ముక్కు పుటాలు కోస్తోంది. లేదు. ఇంకోసారి చూశాను. లేదు. దొంగమాట చెప్పటం తేలిక, ఆయన సంతోషిస్తారు. నోటిదాకా వచ్చింది. కానీ ఈసారి ఆ మనిషికి అబద్ధం పెట్టదలచుకోలేదు.

"దొరుకుత లేదు అంకుల్."

"తొందరపడమాక. నేను ఉండా కదా."

అయిదు నిమిషాలు గ్లాసు అరచేతిలోనే పట్టుకున్నాను. ఆయన తెరకి దగ్గరగా వంగి నా మొహమే చూస్తున్నారు. గ్లాసు వెచ్చబడింది. ఘాటు కాస్త పక్కకి తప్పుకుంది. దాని వెనక నుంచి, సన్నగా, గడ్డివాము మీద పొద్దుటి ఎండ పడ్డట్టు ఒక తీపి వాసన వచ్చింది. రెండేళ్లుగా నా ప్రెస్‌లోనే ఉంది అది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉన్నది అంకుల్. ఉన్నది. మీరన్నట్టే ఉన్నది."

"నిజం చెప్పు."

"నిజం. దేవుని తోడు."

అంకుల్ వెనక్కి వాలి కూర్చున్నారు. మొహం మీద అరచేయి పెట్టుకున్నారు. చేయి తీసి, "ఇంకా ఉందా?" అని అడిగారు.

"ఉన్నది."

"పోయేదాకా చెప్తా ఉండు."

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను గ్లాసు ముక్కు దగ్గరే పట్టుకుని, అది అందినప్పుడల్లా ఉన్నది, ఇంకా ఉన్నది అని చెబుతూ కూర్చున్నాను.